ఏసీ వేస్తే ఇంజిన్ వేడెక్కుతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఏసీ ఆపి నడిపినంతసేపూ టెంపరేచర్ ముల్లు బుద్ధిగా మధ్యలోనే ఉంటుంది. ఏసీ వేసి ట్రాఫిక్‌లో కాసేపు ఆగితే చాలు, మెల్లగా పైకి పాకుతుంది. ఇది చెప్పగానే చాలామంది ఏసీనే అనుమానిస్తారు. నిజానికి ఎక్కువసార్లు ఏసీ నిక్షేపంగా ఉంటుంది, లోపం ఇంజిన్‌ని చల్లబరిచే ఏర్పాటులో ఉంటుంది.

ఎలాగంటే, కారు ముందు జాలీ వెనక మొదట ఉండేది ఏసీ కండెన్సర్. దాని వెనక ఇంజిన్ వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్, ఆ వెనక ఫ్యాన్. లోపల కూర్చున్నవాళ్ల దగ్గర్నుంచి ఏసీ లాగేసిన వేడంతా కండెన్సర్ దగ్గరే బయటికి వస్తుంది. అంటే రేడియేటర్‌కి అందే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. పైగా ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌ని బెల్టుతో తిప్పేది ఇంజినే కాబట్టి దాని పని కూడా పెరుగుతుంది. ఈ రెండు బరువులూ మొయ్యడానికి సరిపడా చల్లబరిచే మిగులు శక్తిని కంపెనీవాళ్లు ముందే పెట్టి ఉంచుతారు. ఆ మిగులు తరిగిపోయిందన్న సంగతి ఏసీ వేసినప్పుడు బయటపడుతుంది, అంతే. ఏసీ ఆపేసుకుని సర్దుకుపోదాం అనుకుంటే, నిండా మనుషులతో ఎత్తు ఎక్కే రోజున ఏసీ లేకుండానే కాగిపోతుంది.

కాబట్టి ఒక్క పార్టు కూడా కొనకముందు, వేడి ఎప్పుడు పెరుగుతోందో చూడాలి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

దారిలో ఉండగా ముల్లు పైకి వెళ్తుంటే

వెతకడం తర్వాత, ముందు ఇంజిన్‌ని కాపాడుకోవాలి. వెంటనే ఏసీ ఆపండి. హీటర్‌ని పూర్తి వేడిలో పెట్టి, బ్లోయర్ ఆఖరి స్పీడుకి తిప్పండి, అద్దాలు దించెయ్యండి. ఒళ్లు ఉడికిపోతుంది కానీ, హీటర్ అంటే లోపల ఉన్న ఇంకో చిన్న రేడియేటరే కనుక ఇంజిన్‌కి కొంత ఊరట దొరుకుతుంది. ట్రాఫిక్‌లో కదలకుండా నిలబడిపోతే గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్‌ని కొద్దిగా తొక్కి ఉంచండి. కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, తిప్పే వాటర్ పంపు కాస్త వేగంగా తిరుగుతుంది.

ఇంత చేసినా ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతున్నా, ఎర్ర లైటు వెలిగినా, బానెట్ కింద నుంచి ఆవిరి వస్తున్నా పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యండి. 'ఇంకొంచెం దూరమే కదా' అని నడిపితే ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్ వంకరపోతుంది. అప్పుడు అయ్యే పని ముందు ఇప్పటిదాకా ఉన్నదేదీ లెక్కలోకి రాదు.

రేడియేటర్ మూత, కూలెంట్ ట్యాంకు మూత మాత్రం ముట్టుకోకండి. లోపల పీడనం మీద ఉన్న ద్రవం మూత వదులు కాగానే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ ఆపాక కూడా వేడి వెంటనే దిగదు, కాసేపు ఇంకా పెరుగుతుంది. కనీసం ముప్పావు గంట వదిలెయ్యాలి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించడం, కాగిన రేడియేటర్‌లో చన్నీళ్లు పొయ్యడం రెండూ ప్రమాదమే, లోహం పగిలే అవకాశం ఉంది.

ఒక చిన్న సంగతి. చాలా కొత్త కార్లలో ఇంజిన్ మరీ వేడెక్కితే కంప్యూటరే కంప్రెసర్‌ని ఆపేస్తుంది. ట్రాఫిక్‌లో ఉన్నట్టుండి ఏసీ నుంచి ఉత్త గాలి వస్తుంటే 'గ్యాస్ అయిపోయింది' అనుకునే ముందు టెంపరేచర్ వైపు ఒకసారి చూడండి.

1. ఆగినప్పుడా, నడిచేటప్పుడా?

ఆగి ఉన్నప్పుడు, నెమ్మదిగా కదిలేటప్పుడు వేడెక్కి, రోడ్డు ఖాళీ అయి వేగం అందుకోగానే చల్లబడుతోందంటే, లోపం గాలి దగ్గర ఉంది. వేగంలో గాలి దానంతట అదే దూసుకొస్తుంది. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. ఏసీ వేస్తేనే వేడెక్కే కార్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే.

అలా కాకుండా ఆగినప్పుడు బాగానే ఉండి, హైవే మీద వేగంగా పోతున్నప్పుడో ఎత్తు ఎక్కేటప్పుడో పెరుగుతుంటే కూలెంట్ సరిగా తిరగడం లేదని అర్థం. రేడియేటర్ లోపల పూడుకుపోవడం, వేడిని బట్టి రేడియేటర్‌కి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, వాటర్ పంపు అరిగిపోవడం, ఇవి అక్కడి అనుమానితులు.

రెండు చోట్లా వేడెక్కుతుంటే ముందు కూలెంట్ ఉందో లేదో చూడండి. ఏసీ వేసినా వెయ్యకపోయినా ఒకేలా కాగుతుంటే ఏసీని పూర్తిగా మర్చిపోయి వెతకాలి.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఇది ఎప్పుడు మొదలైంది? ఏసీ గ్యాస్ నింపించాకా, ముందు బంపర్ రిపేరు అయ్యాకా, కూలెంట్ మార్పించాకా? ఇందులో ఏదైనా 'అవును' అయితే అక్కణ్ణుంచే వెతకడం మొదలుపెట్టండి.

2. ముల్లుని నమ్మకండి, అంకె చూడండి

చాలా కార్లలో టెంపరేచర్ ముల్లు నిజం పూర్తిగా చెప్పదు. మామూలు హెచ్చుతగ్గులకి డ్రైవరు కంగారు పడకుండా, కొంత పరిధి మొత్తానికీ ముల్లు మధ్యలోనే నిలబడేలా పెడతారు. అది కదిలిందంటే అప్పటికే వేడి చాలా పెరిగిందన్నమాట. కొన్ని చిన్న కార్లలో ముల్లే ఉండదు, నీలం లైటు, ఎర్ర లైటు, అంతే.

అందుకే ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ తెచ్చుకోండి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే కూలెంట్ అసలు ఉష్ణోగ్రత డిగ్రీల్లో కనిపిస్తుంది. ఈ రిపేరు మొత్తంలో కళ్లు మూసుకుని కొనదగ్గ వస్తువు ఇదొక్కటే. చాలా కార్లకి 85 నుంచి 105 డిగ్రీల మధ్య తిరగడం మామూలే. ఫ్యాన్ ఎక్కడో 95 దాటాక అందుకుని, కొంచెం దింపి ఆగిపోతుంది. 110 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే అది లోపమే.

ఒకవేళ స్కానర్‌లో 92 ఉండి ముల్లు మాత్రం పైన ఉంటే? ఇంజిన్ నిజంగా వేడెక్కడం లేదు. సెన్సరో, మీటరో, వాటి వైరింగో చూపించుకోండి.

3. చల్లటి ఇంజిన్ మీద కూలెంట్

పొద్దున్నే, స్టార్ట్ చెయ్యకముందు బానెట్ ఎత్తండి. ట్యాంకు మీది రెండు గీతల మధ్య కూలెంట్ ఉండాలి. రేడియేటర్‌కి విడిగా మూత ఉన్న కారైతే అదీ తెరిచి చూడండి, లోపల అంచుదాకా నిండి ఉండాలి. ట్యాంకు నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండటం అరుదేం కాదు. మూత రబ్బరు పాడైతే ట్యాంకులోంచి వెనక్కి లాక్కోలేక అలా అవుతుంది.

ఆ మూతని చిన్నచూపు చూడకండి. మామూలు నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి, మూత దాదాపు 1 బార్ పీడనాన్ని పట్టి ఉంచితే అదే ద్రవం సుమారు 125 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతుంది. మూత స్ప్రింగు నీరసించినా రబ్బరు పగిలినా పీడనం వల్ల వచ్చే లాభం పోతుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద 0.9 అనో 1.1 అనో ఏ అంకె ఉంటే అదే తీసుకోండి. ఎక్కువ అంకె మూత పెడితే బాగుంటుందనుకుని పెడితే పాత పైపులు పగులుతాయి.

లెవెల్ తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది. హోస్ పైపుల చివర్లు, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అతుకు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, ఈ మూడింటి దగ్గర ఎండిన రంగు మరకల కోసం చూడండి. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, లోపల తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్, అంటే లోపలి ఆ చిన్న రేడియేటర్, కారుతోంది. ఏసీ వేసినప్పుడు కారు కింద పడే రంగులేని నీళ్లు మాత్రం మామూలువే. కూలెంట్‌కి రంగుంటుంది, వేళ్లకి జిడ్డుగా తగులుతుంది. అది విషం. నోట్లో పెట్టి చూడటం, పిల్లలకీ జంతువులకీ అందేలా వదిలెయ్యడం రెండూ వద్దు.

కూలెంట్ రంగు చూసి 'ఇదీ పచ్చదే, అదీ పచ్చదే' అని కలిపెయ్యకండి. రంగుకి కంపెనీలన్నీ ఒప్పుకున్న నియమం ఏదీ లేదు. పడని రకాలు కలిస్తే లోపల జిగురులా తయారవుతాయి. కారు పుస్తకంలో రాసిన రకమే పొయ్యండి.

4. ఫ్యాన్

ఆగినప్పుడు వేడెక్కే కార్లలో దోషి ఎక్కువగా దొరికేది ఇక్కడే, కాబట్టి తీరిగ్గా చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నా కొన్ని కార్లలో ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది. చెయ్యి లోపల పెట్టాల్సి వస్తే ముందు దాని ప్లగ్గు పీకెయ్యండి.

కారు బయట నిలిపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ పూర్తి చల్లదనంలో పెట్టండి. చాలా కార్లలో కంప్రెసర్ అందుకున్న వెంటనే, లేదా కొద్ది నిమిషాల్లో, ఇంజిన్ వేడితో పని లేకుండా ఫ్యాన్ తిరగాలి. రెండు ఫ్యాన్లు ఉంటే రెండూ చూడండి. ఒకటే తిరుగుతుంటే రెండోదాని సంగతి తేల్చాలి.

అసలు తిరగకపోతే వరసగా ఇలా వెళ్లండి. మొదట ఫ్యూజ్. తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు వేసే చిన్న స్విచ్ డబ్బా. ఫ్యూజ్ బాక్సులో అదే నంబరున్న ఇంకో రిలే, ఉదాహరణకి హారన్‌ది, తీసి ఇక్కడ పెట్టి చూడండి. ఫ్యాన్ తిరిగిందంటే పాత రిలే పోయింది. అయినా తిరగకపోతే ఫ్యాన్ ప్లగ్గు తీసి, బ్యాటరీ నుంచి ఫ్యూజున్న వైర్లతో మోటారుకి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. అప్పుడూ కదలకపోతే మోటారు పోయినట్టే. తిరిగితే మోటారు బాగుంది, వైరింగులోనో సెన్సర్‌లోనో లోపముంది. ఈ నేరుగా కరెంటిచ్చే పరీక్ష రెండు మందపాటి వైర్లతో నడిచే మామూలు మోటార్లకే. ప్లగ్గులో సన్నటి సిగ్నల్ వైరు కూడా ఉంటే ఫ్యాన్‌ని నడిపేది ఎలక్ట్రానిక్ మాడ్యూల్, దాన్ని స్కానర్‌తో పరీక్షించాలి.

తిరుగుతోంది కదా అని వదిలెయ్యకూడదు. చాలా ఫ్యాన్లకి రెండు స్పీడులుంటాయి. తక్కువ స్పీడుకి కరెంటు ఒక రెసిస్టర్ గుండా వస్తుంది. అది కాలిపోతే ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ రాదు, ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక్కసారిగా పెద్ద స్పీడులో మొదలవుతుంది. ఆగినప్పుడు ఏసీ చల్లదనం తగ్గుతూ, టెంపరేచర్ ఊగిసలాడుతుంటే ఈ రెసిస్టర్‌ని అనుమానించండి. పాతబడ్డ మోటారు ఇంకో రకం మోసం చేస్తుంది. తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ గాలి లాగదు. ఏసీ నడుస్తుండగా కండెన్సర్ ముందు ఒక కాగితం పెట్టండి. గట్టిగా అతుక్కుని నిలబడాలి. జారిపోతే ఫ్యాన్ బలం చాలడం లేదు. కాగితం బయటికి ఎగిరిందంటే ఎవరో మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారు చేశారు, ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది.

మోటారు బాగుండి కూడా నీరసంగా తిరుగుతుంటే, ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తుండగా) బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. ఏసీ, లైట్లు వేసినప్పుడు అది 13 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ సంగతి చూసుకోవాలి.

బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాన్ ఉన్న బండ్లలో మధ్యలో జిగట నూనెతో పనిచేసే క్లచ్ ఉంటుంది. ఇంజిన్ ఆపి చేత్తో తిప్పితే కొంచెం బిగువుగా కదలాలి. గిర్రున చాలా చుట్లు తిరిగిందంటే, లేదా దాని మీద నూనె చెమ్మ కనిపిస్తే, మార్చాల్సిందే.

5. గాలి దారి

ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. అసలు చెత్తంతా దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఉంటుంది: దుమ్ము, పురుగులు, ఆకులు, దూది పీచు, అన్నీ కలిసి కంబళిలా పరుచుకుంటాయి. ఇంజిన్ వైపు నుంచి టార్చి వేసి ఆ సందులోకి తొంగి చూడండి. చూడటం కుదరకపోతే రేడియేటర్ పైన ఉండే బ్రాకెట్ల బోల్టులు విప్పితే చాలా కార్లలో అది కాస్త వెనక్కి వాలుతుంది.

కడగడం చల్లటి ఇంజిన్ మీదే. మామూలు తోట పైపు ధారతో, వీలైనంతవరకు ఇంజిన్ వైపు నుంచి ముందుకి కొట్టండి. చెత్త వచ్చిన దారినే బయటికి పోతుంది. వాటర్ సర్వీసింగులో వాడే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుంటుంది. వంగినవి ఉంటే ఓపిగ్గా ఒక్కొక్కటీ నిటారుగా సరిచెయ్యండి.

ఇక్కడ మెకానిక్కులు కూడా పట్టించుకోని విషయం ఒకటుంది. రేడియేటర్ పక్కలా పైనా స్పాంజి పట్టీలు, ఫ్యాన్ చుట్టూ ప్లాస్టిక్ షెల్, ఇంజిన్ కింద ప్లాస్టిక్ రేకు ఉంటాయి. బంపర్ రిపేరు అయినప్పుడో, కింద రాయి తగిలినప్పుడో ఇవి ఊడిపోతే 'అవసరం లేదులే' అని పక్కన పడేస్తారు. అవి లేకపోతే ఆగినప్పుడు ఇంజిన్ దగ్గరి వేడిగాలే చుట్టు తిరిగి మళ్లీ ముందుకొచ్చి రేడియేటర్‌లోకి పోతుంది. ఫ్యాన్, కూలెంట్, గ్యాస్ అన్నీ సరిగ్గా ఉండి కూడా ట్రాఫిక్‌లో కాగే కారు ఉంటే నేనైతే మొదట వీటికోసమే చూస్తాను. జాలీ ముందు తగిలించిన అదనపు లైట్లు, నంబరు ప్లేట్లు, బంపర్ గార్డులు కూడా గాలికి అడ్డమే.

6. లోపలి ప్రవాహం

వేగంలోనో ఎత్తులోనో వేడెక్కే కారుకి ఇది ముఖ్యం. థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. చాలా ఇంజిన్లలో, స్కానర్‌లో 100 చూపిస్తున్నా రేడియేటర్‌కి వెళ్లే పై పైపు ఇంకా చల్లగానే ఉంటే అది తెరుచుకోలేదన్నమాట. దాన్ని తీసి గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి, తెరుచుకుంటుందో లేదో కళ్లారా చూడొచ్చు. 'తీసి పారేద్దాం, ఇంజిన్ చల్లగా ఉంటుంది' అనే సలహా మాత్రం వినకండి. చాలా ఇంజిన్లలో తెరుచుకున్న థర్మోస్టాటే పక్కదారిని కూడా మూస్తుంది. అది లేకపోతే కొంత కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి తిరిగిపోతుంది. ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువ సమయం పట్టి పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.

రేడియేటర్ పూడుకుందేమో చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పనికొస్తుంది. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ అంతటా కొలవండి. కూలెంట్ వచ్చే చోటి నుంచి బయటికి పోయే చోటికి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఒక చోట హఠాత్తుగా చల్లటి మచ్చ కనిపిస్తే అక్కడి గొట్టాలు మూసుకున్నాయి. మెరిసే అల్యూమినియం మీద ఈ పరికరం తక్కువ చూపిస్తుంది, కాబట్టి నల్ల టేపు ముక్కలు అంటించి వాటి మీద కొలవండి. ఏళ్ల తరబడి కుళాయి నీళ్లో బోరు నీళ్లో పోసిన కార్లలో ఈ పూడిక సర్వసాధారణం. పూర్తిగా గట్టిపడితే కడిగినా పోదు, రేడియేటర్ మార్చడమే మేలు. కూలెంట్ కారడం ఆపే పొడులు, ద్రవాలు పొయ్యడం నాకు నచ్చని పని. రంధ్రంతో పాటు సన్న గొట్టాలూ మూసుకుపోతాయి.

వాటర్ పంపులో రెక్కలు తుప్పు పట్టి అరిగిపోవచ్చు, బెల్టు జారవచ్చు. ఇంజిన్ వేగం పెంచినప్పుడు కింది హోస్ పైపు లోపలికి నొక్కుకుపోతుంటే ఆ పైపునీ రేడియేటర్‌నీ కలిపి అనుమానించాలి.

7. ఇక ఏసీ వంతు

ఇక్కడిదాకా అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు గ్యాస్. 'ఇంకొంచెం ఎక్కువ కొట్టు, చల్లగా వస్తుంది' అని అడిగి నింపించుకునే అలవాటు చాలామందికి ఉంది. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, కండెన్సర్‌లో పీడనం పెరిగి అది ఇంకా వేడెక్కుతుంది, కంప్రెసర్ ఇంజిన్‌ని ఇంకా గట్టిగా లాగుతుంది. గొట్టాల్లో గాలి ఉండిపోయినా ఇదే కథ. ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఉన్నదంతా మెషీన్‌తో తీసేసి, వ్యాక్యూమ్ చేసి, తూకం ప్రకారం నింపమని అడగండి. ఈ పని ఇంట్లో చేసేది కాదు.

ఏసీ వెయ్యగానే ఇంజిన్ గట్టిగా కుదుపిస్తూ, బెల్టు కీచుమంటుంటే కంప్రెసర్ బేరింగు బిగుసుకుంటోందేమో చూపించండి.

8. హెడ్ గ్యాస్కెట్

ఇది సిలిండర్ హెడ్‌కీ కింది ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు. చివర్లో పెట్టాను కానీ, అది పోయిందని చెప్పే ఈ గుర్తులు కనిపిస్తే నేరుగా ఇక్కడికే రావాలి: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై పైపు రాయిలా గట్టిపడటం, ట్యాంకులో ఆగకుండా బుడగలు, పొగగొట్టం నుంచి ఎంతకీ ఆగని తెల్లటి పొగ, బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపినట్టు మారడం. ట్యాంకు మూత దగ్గర పెట్టే ఒక నీలం రసాయనంతో మెకానిక్ దీన్ని తేల్చగలడు. ఎగ్జాస్ట్ వాయువులు తగిలితే అది పసుపుపచ్చగా మారుతుంది. తేలేదాకా కారు నడపకండి.

నింపేటప్పుడు, ఆ తర్వాత

కూలెంట్ మార్చాక లోపల గాలి బుడగ ఉండిపోతే ఇంత పనీ వృథా. కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, గాలి వదిలే స్క్రూ ఉంటే అది విప్పి, అందులోంచి ధార బుడగలు లేకుండా వచ్చేదాకా నెమ్మదిగా పొయ్యండి. తర్వాత మూత విషయంలో కారు పుస్తకం ఎలా చెబితే అలా ఇంజిన్ నడిపి, ఫ్యాన్ రెండు సార్లు వచ్చి ఆగేదాకా చూడండి. హీటర్ నుంచి వేడిగాలి సమంగా వస్తుంటే బుడగ పోయినట్టే.

అప్పుడు అసలు పరీక్ష. మధ్యాహ్నం ఎండలో బయట నిలిపి, స్కానర్ పెట్టి, ఏసీ ఆఖరికి పెట్టి ఇరవై నిమిషాలు ఐడిల్‌లో వదలండి. అంకె ఎక్కి, ఫ్యాన్ రాగానే దిగి, ఒక పరిధిలోనే తిరుగుతుండాలి. ప్రతి చుట్టుకీ రెండేసి డిగ్రీలు పైకి జరుగుతుంటే లోపం ఇంకా మిగిలే ఉంది, నాలుగో మెట్టు నుంచి మళ్లీ చూడండి. నిలకడగా ఉంటే మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద లెవెల్ చూసి, గీత కంటే తగ్గినంత మేర పోసి మూత బిగించండి.